చిన్నమ్మకు వినిపించమన్న మాట

తెలంగాణ వచ్చే ముందు ఏడాది నాకు పాడ్‌కాస్ట్ పిచ్చి పట్టింది. గని కార్మికుల ముచ్చట్లు వాళ్ల గొంతుతోనే ఇంటర్నెట్‌లో పెట్టాలని, బడి జీతంలోంచి చిన్న రికార్డరు కొన్నాను. ఇల్లు అలకగానే పండుగ కాదని వారంలోనే తెలిసొచ్చింది. గోదావరిఖనిలో నిశ్శబ్దం కన్నా బొగ్గు దొరకడం తేలిక. గని గేటు దగ్గర కూర్చుంటే సైరన్, చాయ్ హోటల్లో గ్లాసుల మోత, మా క్వార్టర్‌లో కూలర్ రొద. కూలర్ ఆపితే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగుకు కిటికీ రెక్కలు కొట్టుకునేవి.

చివరికి పాస్టరు గారిని అడిగి చర్చి తాళం తెచ్చుకున్నాను. వారం మధ్యలో అక్కడ పిట్ట కూడా ఉండదు. మాట మోగకుండా చాపలు పరిచి, కిటికీలకు దుప్పట్లు కట్టి, మొదట మా బాపునే కూర్చోబెట్టాను.

గనిలో బాపు పని పైకప్పు చూడటం. మిగతావాళ్లు లోపలికి పోకముందే ఇనుప కడ్డీతో పైబండను తట్టి, మోతను బట్టి గట్టిదో డొల్లదో చెప్పాలి. రిటైరయ్యాకే చెవుడు వచ్చిందని మేమంతా అనుకున్నాం. చెవి దగ్గర అరిస్తేనే ఆయనకు అందేది. ఆ చెవుడు మీద ఇంట్లో జోకులు కూడా వేసుకునేవాళ్లం. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

"కాక సంగతి చెప్పు బాపూ," అని అరిచాను. కాక అంటే బాపు జోడీ. ఇద్దరిదీ ఎప్పుడూ ఒకటే షిఫ్టు. నా చిన్నప్పుడే బండ పడి చనిపోయాడు. స్నేహం గురించి మంచి కథ వస్తుందని ఆశపడ్డాను.

బాపు రికార్డరు వంక చూస్తూ చెప్పాడు. "నా చెవులు అప్పటికే పోయినయి బిడ్డా. చెప్తే డ్యూటీ మారుస్తరని చెప్పలే. ఆ రోజు తట్టిన. ఏం చప్పుడచ్చిందో నాకు తెల్వలే. బాగనే ఉన్నది పో అన్న. వాడు పోయిండు." రికార్డరును నా వైపు జరిపాడు. "ఇది చిన్నమ్మకు ఇనిపియ్యి. ఆమె మొఖం చూసి చెప్పుడు నాతోని కాదు."

చిన్నమ్మ అంటే కాక భార్య. రెండు వీధుల అవతలే ఉంటుంది. బాపు మాటల్ని నేను ఇంటర్నెట్‌లో పెట్టలేదు. మర్నాడు వెళ్లి ఆమెకు హెడ్‌ఫోన్స్ పెట్టాను. బియ్యం ఏరుతూనే మొత్తం విన్నది.

"మీ బాపుకు ఇనపడదని మాకు ఎప్పటిసందో ఎరుకే," అన్నది. "'అన్న తడుతడు, చెవి నాది' అని మీ కాక నవ్వుకుంట చెప్పేటోడు. ఆ రోజు గూడ ఇన్నది ఆయనే. తప్పు ఇన్నది గూడ ఆయనే. అన్నను ఫికర్ చెయ్యొద్దను బిడ్డా."

ఆ మాటలు రికార్డు చేసుకుని పరుగున ఇంటికొచ్చాను. చెవిటి మనిషికి గొంతు మోసుకుపోతున్నానని ఆ సంతోషంలో నాకు తట్టలేదు. బాపు చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి, వాల్యూమ్ చివరిదాకా పెంచాను. చిన్నమ్మ గొంతు బయటికి కూడా వినిపిస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. బాపు నా ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

అయిపోయాక హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టాడు.

"తిట్టిందా?"

"తిట్టలేదు బాపూ! నీ తప్పు లేదన్నది!" చెవి దగ్గర గొంతు చించుకున్నాను.

ఆయన నా కళ్లు తుడిచాడు. "నా కోసం అబద్ధమాడకు బిడ్డా. తిట్టనియ్యి. గిన్నేండ్లు ఊకున్నది, గదే ఎక్కువ."