నన్నడక్కుండా పూడ్చిన కన్నాలు

మా ఆయన నాకిచ్చిన బహుమతుల్లో ఒళ్ళు మండించింది ఒక్కటే. ఇప్పుడు తలుచుకున్నా మండుతుంది.

చెల్లెలి కూతురి పెళ్ళికని విజయనగరం వెళ్ళి తిరిగొచ్చాను. మా ఉక్కు టౌన్‌షిప్పుకి దగ్గర్లోని దుర్గ్ స్టేషనుకి ఆయనే నా కారు తీసుకుని వచ్చారు. ప్లాట్‌ఫారం మీద నుంచీ ముసిముసి నవ్వులే. బయటికొచ్చి ఎంత వెతికినా నా కారు కనబడలేదు.

"ఏటలా చూస్తున్నావు? ఎదురుగానే ఉంది కదా, గుర్తుపట్టలేదేటి?" అన్నారు.

తెల్లగా, నున్నగా, ఒలిచిన కోడిగుడ్డులాంటి కారు ఒకటి నిలబడి ఉంది. నెంబరు చూసి పోల్చుకున్నాను.

నేను ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పుతాను. లైసెన్సు తీసుకుని, టౌన్‌షిప్పులో ఏళ్ళ తరబడి చేస్తున్న పని అది. కారు పైకప్పు మీద డ్రైవింగ్ స్కూలు బోర్డుకి ఇనుప స్టాండు ఉండేది. ముందు మడ్‌గార్డు మీద నాకోసం బిగించిన అదనపు అద్దం, డిక్కీ మీద ఎర్రటి 'ఎల్' పలక, తలుపుల పొడుగునా నా ఫోన్ నెంబరు రాయించిన నల్లటి ప్లాస్టిక్ పట్టీలు ఉండేవి. అన్నీ పీకేశారు. బోల్టులు, స్క్రూలు, క్లిప్పులు దిగిన కన్నాలన్నీ పూడ్చి, రుద్ది, పెయింటు వేయించారు. చేత్తో తడిమి చూసినా ఎక్కడ ఏముండేదో నాకే తెలియలేదు.

"సర్‌ప్రైజు!" అన్నారు.

విషయం ఏమిటంటే, ఆయనకు ప్రమోషనొచ్చింది. ఇక్కడి తెలుగువాళ్ళంతా కలిసి సన్మానం పెట్టారు. "పెద్ద ఆఫీసర్లంతా వస్తారు. ఆ బోర్డేసుకుని ఎలా దిగుతాం చెప్పు? నిన్ను నేర్పొద్దన్నానేటి? నేర్పుకో. ఊరందరికీ తెలియాలేటి?" అన్నారు.

లోపల ఎడమ సీటు ముందు నాకోసం పెట్టించుకున్న బ్రేకు, క్లచ్చి మాత్రం అలాగే ఉన్నాయి. బయటికి కనబడవు కదా, వాటి జోలికి పోలేదు. అవి చూశాకే ఆయన సంగతి నాకు పూర్తిగా అర్థమైంది. దారి పొడుగునా నేను మాట్లాడలేదు. ఆనందం పట్టలేక నోట మాట రావడం లేదనుకున్నారు ఆ మహానుభావుడు.

మర్నాడు రుఆబాంధా కాలనీ నుంచి వచ్చే ఆవిడకు పాఠం. ఇద్దరు పిల్లల తల్లి. 'నీవల్ల కాదు' అని మొగుడు రోజూ దెప్పుతుంటే పట్టుదలకొద్దీ వచ్చి చేరింది. సుపేలా సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయింది. బోర్డున్నప్పుడైతే బస్సువాడు కూడా విసుక్కుంటూనే పక్కనుంచి పోయేవాడు. ఆ రోజు వెనకవాళ్ళకేం తెలుసు? మామూలు కారే కదా, నడిరోడ్డు మీద ఆగింది. చెవులు చిల్లులు పడేలా హారన్లు కొట్టారు. ఒక ఆటోవాడు తల బయటపెట్టి తిట్టిన తిట్టు నేనిక్కడ రాయలేను. ఆవిడ స్టీరింగు వదిలేసి భోరుమంది. "దీదీ, మా ఆయనన్నదే నిజం. ఇంక రాను" అంది హిందీలో. సీట్లు మారి నేనే నడిపి ఇంటి దగ్గర దింపాను.

నాకు పట్టరాని కోపం వచ్చింది. 'ఈవిడ నేర్చుకుంటోంది, కాస్త ఓపిక పట్టండి' అని ఊరందరినీ అడగడానికే ఆ బోర్డు పెట్టాను. ఆయన పరువు కోసం దాన్ని తీసేస్తే తిట్లు ఆవిడ పడింది.

అటునుంచటే ఆ పని చేసిన డెంటింగు మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. నా సామానంతా ఇంకా షెడ్డులో ఒక మూల పడి ఉంది. మళ్ళీ బిగించమన్నాను.

"మల్లీ కన్నాలెట్టమంతారేటమ్మా? కొత్త పెయింటు! సార్ సూస్తే నన్ను సంపేత్తారు."

"పీకేముందు బండి ఎవరిదని అడిగావా?"

"సార్ తెచ్చినారు గదమ్మా. ఇంకేటడుగుతాను?"

"బండి నా పేరున ఉంది. ఆ బోర్డు మీద రాసున్న పని నాది. నన్నొక్క మాట అడగాలని తోచలేదా?"

మేస్త్రీ జేబులోంచి ఫోన్ తీసి, "ఒకపాలి సార్‌ని అడుగుతానుండమ్మా" అన్నాడు.

అప్పుడు అరిచాను. పక్కన టీ తాగుతున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. "ఆయన్ని అడిగావంటే ఆ డ్రిల్లు నేనే పట్టుకుంటాను!"

డ్రిల్లు అందుకున్నాడు. పైకప్పు మీద పాత కన్నం ఉన్నచోట పెట్టగానే తెల్లటి పొడి రాలింది. అడుగున సన్న తీగల జాలీ ముక్క అంటించి పైన పుట్టీ మెత్తాడు. 'రేకు పెట్టి వెల్డింగ్ చేయించాను' అని మా ఆయన నా దగ్గర ఎంత గొప్పలు పోయారో! పగలంతా ప్లాంటులో ఉక్కు మధ్య ఉండే మనిషి ఆయన. పుట్టీలో బోల్టు నిలవదు కాబట్టి కాస్త పక్కగా, గట్టి రేకులో కొత్త కన్నాలు వేయించాను. తుప్పు పట్టకుండా అంచులకు ప్రైమరు రాయించాను. ఆ నున్నటి పెయింటులోకి డ్రిల్లు దిగుతుంటే ప్రాణం చివుక్కుమంది. ఎంతైనా నా కారే కదా.

ఇంటికొచ్చాక ఆయన కారు చుట్టూ తిరిగి చూసి, "అందరూ చూస్తారే" అన్నారు.

"చూడ్డానికే పెట్టించాను" అన్నాను.

రుఆబాంధా ఆవిడకు ఫోన్ మీద ఫోన్ చేస్తే, చివరికి వస్తానంది.

సన్మానం సాయంత్రం ఆయన పట్టుపంచె కట్టుకుని, అది నా పెడళ్ళకు తగలకుండా కాళ్ళు ముడుచుకుని ఎడమ సీట్లో కూర్చున్నారు. హాలు ఇంకా చాలా దూరం ఉండగానే, "ఇక్కడే ఎక్కడో పెట్టేయ్. నడిచెళ్ళిపోదాం" అన్నారు. ఎందుకో నాకు తెలుసు. ఆపాను. ఆయన దిగి, నేనూ దిగుతానని రోడ్డు పక్కన నిలబడ్డారు.

నేను దిగలేదు. కారు తీసుకెళ్ళి హాలు గేటు ఎదురుగా, సీరియల్ లైట్ల కింద పెట్టాను. దండలు పట్టుకుని ఎదురుచూస్తున్నవాళ్ళు కారులోకి వంగి చూశారు.

"సార్ రాలేదా అమ్మా?"

"వస్తున్నారు," అన్నాను. "వెనకాల నడిచి వస్తున్నారు."