నాలుగో చక్రానికి గ్రీజు

కంటి ఆపరేషన్లు చేసే డాక్టరు మద్రాసు నుంచి నెల్లూరుకు ఏడాదికోసారి, ఒక్క రోజుకే వస్తారు; ఈసారి గురువారం. పల్లె నుంచి రోగిని తేవడానికి ఆసుపత్రి జీపు విడవలూరు దాటి సముద్రపొడ్డుకు వెళ్తోందని తెలిసి, మిత్రుడి సిఫారసుతో నేనూ ఎక్కాను. సముద్రం చూడాలన్న సరదా తప్ప నాకక్కడ పనేమీ లేదు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి బయలుదేరాం. విడవలూరులో ఇడ్లీ, కాఫీ ఇరవై అయిదు నయాపైసలు. ఆపైన బస్సు లేదు. వెళ్ళదలచినవారు ఎద్దులబండి మాట్లాడుకోవాలి. సముద్రపు నీళ్ళు లోపలికొచ్చే ఉప్పుకయ్య దాటుతుంటే నీళ్ళు ఇరుసుల మీదికి వచ్చాయి. డ్రైవరు దేవసహాయం ముఖం చిట్లించాడు. నేను కాళ్ళు పైకెత్తి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. ఆ పూట జాలరుల ఇంట్లో వేడన్నం, చేపల పులుసు పెట్టారు. డబ్బిస్తే తీసుకోలేదు.

గురువారం ఆరింటికి లేచేసరికి దేవసహాయం జాకీ ఎత్తి చక్రం ఊడదీస్తున్నాడు.

"గ్రీజు గన్నుతో పైపైన కొడితే లోపలి బేరింగుకు అందదు సార్. ఉప్పునీళ్ళు పోయినాయి గదా, చక్రం నడిమి హబ్బు విప్పి చేత్తోనే కూరాల."

బేరింగును కిరసనాయిల్లో కడిగి, అరచేతిలో గ్రీజు పెట్టుకుని సందుల్లోకి ఓపిగ్గా ఒత్తుతున్నాడు. చూడముచ్చటైన పనే. కానీ మూడు చక్రాలకే ఎనిమిదిన్నరయింది. పన్నెండింటికి నెల్లూరులో నా మద్రాసు రైలు.

"నాలుగోది నెల్లూరులో చూసుకోవచ్చులేవయ్యా" అన్నాను.

"అదే మొండిది సార్. నట్టు పట్టేసింది. ఇంకో గంట పడతాది."

"గంటా! నా రైలు పోతుంది. మీ ఆసుపత్రి వాళ్ళతో నేను చెబుతాను, పద."

అతను ఒక్క క్షణం నాకేసి చూసి, చేతులు ఇసుకతో రుద్దుకున్నాడు. సిఫారసు మీద వచ్చిన పెద్దమనిషిని. ఎదురు చెప్పలేకపోయాడు.

వెనక సీట్లో పోలమ్మ అనే ముసలామె ఎక్కింది. రెండు కళ్ళకూ పొర. "సూదిలోకి దారం ఎక్కితే చాలు నాయనా. నా వలలు నేనే బాగుచేసుకుంటా, కోడల్ని అడిగే పన్లేదు" అంది దారిలో.

నాలుగు మైళ్ళు పోయాక ఎడమవైపు వెనక చక్రం, అతను విప్పని ఆ నాలుగోదే, కీచుమంది. పొగ వచ్చింది. బిగుసుకుపోయి ఇక కదల్లేదు. దేవసహాయం హబ్బు మీద చెయ్యి పెట్టి చురుక్కుమనగానే తీసేశాడు.

"బేరింగు పోయినాది సార్" అన్నాడంతే. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

అతను జీపు దగ్గరే ఉండిపోయాడు. నేను పోలమ్మను ఎద్దులబండిలో విడవలూరు చేర్చేసరికి పన్నెండున్నర. బస్సు ఒకటిన్నరకు. ఆసుపత్రిలో అడుగుపెట్టేసరికి మూడు. డాక్టరు ఆపరేషన్లు ముగించి వెళ్ళిపోయారని నర్సు చెప్పింది.

"అయితే మళ్ళా ఏడాదికేనా నాయనా?" అంది పోలమ్మ, నేను లేని వైపు తిరిగి. ఆమెను నర్సుకు అప్పగించి, సిగ్గుతో చచ్చిపోతూ స్టేషనుకు నడిచాను.

అయిదింటి రైల్లో నా ఎదురుగా కూర్చున్నాయన ఆ డాక్టరేనని మాటల్లో తెలిసింది.

"పల్లె నుంచి ఒక ముసలామె రావాలండీ. రెండింటిదాకా చూశాను. జీపు దారిలో చెడిపోయి ఉంటుంది. ఆ డ్రైవరు గ్రీజు కూడా పెట్టుకోడు కాబోలు!"

నిజం నోటిదాకా వచ్చింది. "అయ్యుండొచ్చండీ" అన్నాను.

గూడూరులో ఆయన కాఫీ ఇప్పించారు. తాగాను. ఆ తీరం చూడదగ్గదే, సందేహం లేదు. వెళ్ళేవారు రెండు రోజులు తీరిక చేసుకుని వెళ్ళండి. ఒక్క గంట ఆగలేకపోయిన నాకు, గూడూరు నుంచి మద్రాసు దాకా ఆయన ఎదుట మూడు గంటలు దొరికాయి. అయినా చెప్పలేదు.