వంటింట్లో చుట్టిన మోటార్లు

మోటారు లోపల కాలిన రాగితీగె వైండింగు వాసన ఒకసారి ముక్కుకు పట్టినవాళ్లు దాన్ని మరిచిపోలేరు. లక్క కరిగినట్టు, పాత గోనెసంచి మాడినట్టు, గొంతులోకి దిగి అక్కడే కూర్చునే వాసన అది. మొన్న దసరాకు ముందు, మేడ్చల్‌లో మా తమ్ముడు శ్రీను కట్టించుకున్న కొత్త ఇంట్లో నాయిన ఫొటో తగిలించడానికి గోడకు రంధ్రం వేస్తుంటే, నాయిన వాడిన పాత డ్రిల్లింగు మిషను గుర్రుమని, లోపల నీలంగా మెరిసి, పొగ వదిలి ఆగిపోయింది. శ్రీను దగ్గుతూ కిటికీలు తెరిచాడు. నేను మాత్రం అక్కడే నిలబడి ఆ పొగ పీల్చాను, నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది మరి.

"పారేద్దాం తియ్యక్కా. ఇయ్యాల ఫోన్ల ఆర్డర్ పెడితె రేపటికి కొత్తది ఇంటికొస్తది," అన్నాడు వాడు.

"ఆగురా, నేను బాగుచేయించుకొస్త," అన్నాను. నాయిన పోయాక వచ్చిన మొదటి దసరా కాబట్టి నాది తండ్రి మీద ప్రేమ అనుకున్నాడు వాడు. కాదు. ఆ మిషను లోపల తీగె చుట్టింది నాయిన కాదు, అమ్మ. అమ్మ చేతి పనిలో నాకు తెలిసి ఈ లోకంలో మిగిలింది అదొక్కటే.

మా ఇల్లు అప్పట్లో మేడ్చల్ రోడ్డు మీద రెండు గదులు. ముందు గది నాయిన మోటారు వైండింగు దుకాణం, వెనక గది మా బతుకంతా, మధ్యలో ఒక పాత చీర పరదా. ఎండాకాలం వచ్చిందంటే కరెంటు సరిగా అందక అటు శామీర్‌పేట దాకా బావుల మీది మోటార్లు వరసబెట్టి కాలిపోయేవి. ద్రాక్షతోటల వాళ్లు వాటిని ఎడ్లబండ్ల మీద, స్కూటర్ల మీద వేసుకొచ్చి, పొద్దుగూకే లోపల నీళ్లు పారకపోతే తోట ఎండుతుందని నాయినను బతిమాలేవాళ్లు. వాళ్లలో ఎల్లారెడ్డి పటేల్ ఎప్పుడూ ఒట్టి చేతులతో వచ్చేవాడు కాదు. గంపలో ఆకులు పరిచి, నీళ్లు చిలకరించి, మా చిన్న వేళ్లంత పొడుగు అనాబ్ ద్రాక్షలు తెచ్చేవాడు. తెగిపడిన రాగితీగెలతో ఉంగరాలు చేసుకుని ఆడే మా చేతులకు తీగెల మీద పూసే వార్నిష్ అంటుకుని ఉండేది కాబట్టి ఆ ద్రాక్షల తీపిలో ఎప్పుడూ కొంచెం వార్నిష్ రుచి తగిలేది.

మోటారు విప్పేది నాయిన, బిగించేది నాయిన. మధ్యలో అసలు పనంతా పరదా వెనక జరిగేది. మధ్యాహ్నం అందరి అన్నాలయ్యాక అమ్మ కాళ్లు పరదా వైపు చాపుకుని కూర్చుని, రెండు పాదాల మధ్య ఒక కొయ్య అచ్చు బిగించుకుని, దాని చుట్టూ రాగితీగె చుట్టేది. మాట్లాడితే చుట్లు తప్పుతాయని మేం నోరు మూసుకుని గచ్చకాయలు ఆడుకునేవాళ్లం. తర్వాత ఆ కాయిళ్లను మోటారు గాడుల్లోకి దించి, వెదురుపుల్లతో అదిమి, కొసలన్నీ చేర్చి నూలుదారంతో కట్టేది. ఆమె వేసే ముడి ఏ దుకాణంలోనూ వేసేది కాదు. కనకాంబరాల మాల కట్టేటప్పుడు వేసే ముడే మోటారుకూ వేసేది, ఆమెకు వచ్చిన ముడి అదే. వేళ్ల కొసలు తీగె కోసుకుపోయి ఉండేవి. ఆ వేళ్లతోనే మామిడికాయ తొక్కులో కారం కలిపేది, ఒక్కసారి కూడా అబ్బా అనేది కాదు.

పూర్తయిన మోటారు పరదా దాటి దుకాణంలోకి వెళ్లి, గుమ్మని తిరిగేది. "నీ చెయ్యి పడ్డదంటె ఇగ ఢోకా లేదు మిస్త్రీ," అనేవాడు పటేల్. నాయిన మీసం దువ్వుకునేవాడు. నాది కాదు, మా ఇంటామె చెయ్యి అని ఒక్కసారైనా అంటాడేమోనని నేను పరదా పక్కన నిలబడి చెవులు రిక్కించి వినేదాన్ని. అనలేదు. నాయిన చెడ్డవాడు కాదు. తాగి తూలలేదు, మమ్మల్ని కొట్టలేదు, శుక్రవారం అమ్మకు పూలు తేవడం మరవలేదు. అందుకే నాకు ఇంకా కోపం. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. అమ్మను అడిగితే, "ఆయనకు పేరొస్తె మనకు రానట్టా?" అనేది. రాలేదమ్మా, మనకు రాలేదు.

వానలు వెనకబట్టి, తంగేడు పూసి, సద్దుల బతుకమ్మ నాటి బెల్లం మలీద ముద్దలు డబ్బాలో ఇంకా మిగిలి ఉండగానే దసరా వచ్చేది. పనిముట్లన్నీ అమ్మ తోమి తుడిచి ఇస్తే, నాయిన పీట మీద ఎర్రగుడ్డ పరిచి, పట్టకార్లు, సుత్తెలు, స్పానర్లు, అన్నిటికీ ముందు ఈ డ్రిల్లింగు మిషను పెట్టి బొట్లు పెట్టేవాడు. పాడైన వస్తువు పీటెక్కకూడదని ఆయన పట్టు. ఒక ఏడు సరిగ్గా పండుగ ముందే ఇది కాలిపోతే, అమ్మ గారెలకు పప్పు నానబోసి, అది నానే లోపల దీన్ని చుట్టేసింది. ఆ పండుగనాడే నేను అమ్మ కొయ్య అచ్చును తెచ్చి పీట మీద పెట్టబోయాను. అమ్మే నా చేతిలోంచి తీసుకుంది.

"అది వంటింటిది బిడ్డా, పనిముట్టు గాదు," అని మళ్లీ రోలు పక్కన పెట్టేసింది. అమ్మ పోయి, ఆ పాత ఇల్లు కూలగొట్టినప్పుడు ఆ అచ్చు ఏమైందని అడిగితే, కట్టెల్లో కలిసిపోయి ఉంటుందన్నాడు శ్రీను.

ఇప్పుడు మేడ్చల్‌లో వైండింగు చేసేవాళ్లెవరో నాకు తెలియదు. నాయిన దగ్గర పని నేర్చుకున్న యూసుఫ్ చిచ్చా గాజులరామారంలో కొత్త మిషన్లు అమ్ముతున్నాడని తెలిసి, దీన్ని సంచిలో వేసుకుని వెళ్లాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మెల్లగా విప్పాడు. నల్లగా మాడిన తీగె, దాని కొసన వార్నిష్‌లో గట్టిపడి చెక్కుచెదరని కనకాంబరాల ముడి. ఆ ముడి మీద వేలు పెట్టి తడిమాను.

"జూడు బేటీ," అన్నాడు చిచ్చా. "బాగు జేయాలంటె గీ పాత తీగంత కోసి పారెయ్యాలె. కొత్తది చుట్టిస్త, మస్తు తిరుగుతది. కొయ్యొద్దంటె గిది గిట్లనే ఉంటది, గని మిషన్ ఇగ తిరగది. ఏం జెయ్యమంటవ్?"

బాగుచేయిస్తే మిగులుతుందని వచ్చాను, బాగుచేయిస్తేనే పోతుందని అక్కడ తెలిసింది. అమ్మే ఉంటే ఆలోచించేది కాదు, కాలిన కాయిళ్లను ఉలి పెట్టి తెగ్గొట్టడంలో ఆమెకు జాలి లేదు. కానీ ఇది మళ్లీ తిరిగితే ముందుగా వేసే రంధ్రం నాయిన ఫొటోకే, ఎక్కే పీట నాయిన పేరు మీదే.

"బిగించెయ్ చిచ్చా, కొయ్యొద్దు," అన్నాను. ఆయన స్క్రూలు బిగించి, గుడ్డతో తుడిచి ఇచ్చాడు. పేట్ బషీరాబాద్‌లో మా ఇంటి వంటింట్లో, మిక్సీ పక్కన పెట్టుకున్నాను.

దసరా నాటికి శ్రీను తెప్పించిన కొత్త మిషను గోడకు చక్కటి రంధ్రం వేసి, బొట్టు పెట్టించుకుని పీటెక్కింది. పండుగకు జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి ఎల్లారెడ్డి పటేల్ మనవడి కారులో వచ్చాడు. ఆయన ద్రాక్షతోట ప్లాట్లయి చాలా కాలమైంది, పందిరి మోసిన రాతి కడీలే ఇప్పుడు ఆ ప్లాట్లకు హద్దులు. బావి పూడ్చేశారు. ఆయన గారెల ప్లేటు పట్టుకుని ఫొటో ముందు నిలబడి, "ఏం చెయ్యి మిస్త్రీది," అన్నాడు.

నేను శ్రీను వాళ్ల వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఇప్పుడు పరదా లేదు. "ఆ మోటార్లు చుట్టింది మా అమ్మ, పటేలా," అన్నాను. చిన్నప్పటి నుంచి గొంతులో పెట్టుకున్న మాట అది.

ఎవరూ ఉలిక్కిపడలేదు. శ్రీను ఫోను చూసుకుంటున్నాడు. పటేల్ నములుతూనే తల ఊపాడు.

"ఎర్కనే బిడ్డా, మాకందరికి ఎర్కనే. పరదా కిందికెల్లి ఆమె కాళ్లు కనవడుతుండె గద," అని ప్లేటు నా వైపు చాపాడు. "గారెలు మంచిగున్నయి, ఇంకో రెండెయ్యి."

వేశాను.