కొల్హాపూర్ మట్టి

గల్ఫ్ యుద్ధం నాటికి నేను సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఒక డెయిరీ ఫారంలో ఎలక్ట్రీషియన్‌ని. సైరన్ మోగితే గోదాములో దూరేవాళ్లం. పాలు పితికే యంత్రాలు చూసే పోలండ్ పెద్దమనిషికి గ్యాస్ మాస్కు ఇచ్చారు, మాకు తడి తువ్వాళ్లు చాలన్నారు. ఆయన మాస్కు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. మా ముందు తొడుక్కోవడానికి సిగ్గేమో.

అక్కడే ఒకరోజు చెప్పాడు. రెండో ప్రపంచయుద్ధంలో రష్యావాళ్లు వాళ్లని ఇంట్లోంచి లేపి సైబీరియాకు తోలారట. తల్లీకొడుకులు ఇరాన్ మీదుగా మన కొల్హాపూర్‌ శరణార్థుల క్యాంపుకు చేరారు. ఆయనకు ఐదేళ్లప్పుడు తల్లి అక్కడే పోయింది.

ఆమె పేరు కాగితం మీద రాసిచ్చి, వచ్చీరాని హిందీలో అడిగాడు. "సెలవుకి వెళ్తే అమ్మ సమాధి మీద ఒక కొవ్వొత్తి వెలిగించు. గుప్పెడు మట్టి తెచ్చిపెట్టు. మా ఊళ్లో నాన్న సమాధి మీద చల్లుతాను."

సరే అన్నాను. నోటిమాటకేం పోయింది!

యుద్ధం ముగిశాక నెల సెలవు దొరికింది. మా జగిత్యాల వైపు నుంచి కొల్హాపూర్ పోయిరావాలంటే నాలుగు రోజులు. పాప నన్ను అప్పుడప్పుడే గుర్తుపడుతోంది.

"గంత దూరం ఏం పోతవ్? మన చెల్కల మన్ను తీస్కపోరాదు. మన్ను మన్నే గదా" అంది నా భార్య.

ఆ మాట నాకు తేనెలా దిగింది. ఊరగాయ సీసా కడిగి మా మెట్టచేను చెలక మట్టి నింపుకుని తిరిగి సౌదీ వెళ్లాను.

ఆయన మూత తీసి వాసన చూశాడు. "ఇదే. వాన పడితే క్యాంపులో ఇదే వాసన" అని ఏడ్చాడు. కొవ్వొత్తి వెలిగించావా అంటే తలూపాను. ఆ నెలలోనే ఉద్యోగం ముగించుకుని ఫైనల్ ఎగ్జిట్ మీద తన దేశం వెళ్లిపోయాడు. తర్వాత పని మధ్యలో ఆ గోదాములో ఒక్కణ్ణే కూర్చుంటే భరించలేనంత ఒంటరిగా ఉండేది. పెత్రమాస నాడు, అదే పితృ అమావాస్యకు, మా పెద్దల పేర్లు తలుచుకుంటుంటే ఆయన అమ్మ పేరూ నోటికొచ్చేది.

గల్ఫ్ వదిలేశాక కొల్హాపూర్ వెళ్లాను. కాగితంలోని అక్షరాలను అక్కడి సమాధి రాళ్లమీద అక్షరాలతో ఒక్కొక్కటే పోల్చుకుంటూ వెతికితే ఆమె దొరికింది. కొవ్వొత్తి వెలిగించి మట్టి తీసుకున్నాను. అది నల్లరేగడి. మా చెలకది ఎర్రమట్టి. ఆయనకు రంగు గుర్తులేదో, తెలిసే ఊరుకున్నాడో!

ఆయన చిరునామా నా దగ్గర లేదు. ఏటా పెత్రమాసకు ఆమె పేరున బియ్యం ఇస్తున్నాను. అక్కడ ఆయన నాన్న మీద మా చెలక మన్ను ఉంది. ఆ తల్లి నా ఇంట్లో, ఊరగాయ సీసాలో ఉంది.