పేరును విరవని సార్

మా కోడలి ఓవెన్ టింగుమన్నప్పుడల్లా నా ఎడమచెయ్యి దానంతట అదే లేస్తుంది. టైపు మిషన్‌లో వరస చివరికి వస్తోందని గంట మోగేది. ఆ గంట తర్వాత ఆరేడు అక్షరాలకే చోటు. మాట పట్టకపోతే మధ్యలో చిన్న గీత పెట్టి విరిచి, ఎడమచేత్తో మీట తోసి మిగిలింది కింది వరసలో కొట్టాలి. ఎక్కడ విరవాలో నాకు నేర్పినవారు దానయ్య సార్. మెదక్‌లో తాసిల్దారు ఆఫీసు గోడ పక్కన రేకుల నీడలో బల్ల వేసుకొని దరఖాస్తులు రాసేవారు.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టగలను, అర్థం తెలియదు. సార్ చేత్తో రాసిచ్చింది చూసి కొట్టడమే నా పని. "నెల జూస్త. పనికొస్తే ఉంచుకుంట," అన్నారు. నాకు ఆ పని కావాలి. ఇంకో పని చూపించేవాళ్లు ఎవరూ లేరు.

కాగితం మిగలాలని మొదట్లో మాటను ఎక్కడపడితే అక్కడ విరిచేదాన్ని. సార్ ఊరుకోలేదు.

"గడ్డం కింద చెయ్యి పెట్టు. అప్-లి-కే-షన్ అను. ఎన్నిసార్లు తాకింది?"

"నాలుగు, సార్."

"గవే కీళ్లు. కోడిని యాడ వడితే ఆడ నరుకుతమా? కీలు జూసి కోస్తం. ఒంటి అక్షరాన్ని మాత్రం ఒక్కదాన్నే ఇడువకు."

తర్వాత ఏ మాట వచ్చినా గడ్డం కింద చెయ్యి పెట్టి గొణుక్కునేదాన్ని. దారిన పోయేవాళ్లు పంటినొప్పి అనుకునేవారు.

నెల గడువు ముగిసే రోజున నిజాంపేట వైపు నుంచి ఒకామె పింఛను దరఖాస్తుకు వచ్చింది. పేరు లక్ష్మీనర్సమ్మ. గంట మోగింది, పేరు పట్టలేదు. కీలు చూసి శుభ్రంగా విరిచాను. ఒక్క కాగితంలోనే అంతా సరిపోయింది. సార్ మెచ్చుకుంటారనుకున్నాను.

వేలిముద్ర వేయబోతూ ఆమె అడిగింది: "నా పేరు యాడున్నది బిడ్డా, జర సూపెట్టు."

"గీడ సగం, కింద సగం."

"అయ్యో, నన్ను రెండు తునకలు జేసినవా!" అని పకపకా నవ్వింది.

సార్ నవ్వలేదు. కాగితం తీసుకొని నిలువునా చింపేశారు.

"మాటకు కీళ్లుంటయి. మనిషి పేరుకు ఉండయి. మళ్ల కొట్టు."

"రెండో కాయితం పడతది సార్, దండుగ."

"పడనియ్యి."

మళ్లీ కొట్టాను. ఆ వరస చివర ఖాళీగా మిగిలిన చోటు చూస్తే నా ప్రాణం విలవిలలాడింది. లక్ష్మీనర్సమ్మ మాత్రం తన పేరు మీద ఈ చివర నుంచి ఆ చివరదాకా వేలు నడిపించింది. తర్వాతే వేలిముద్ర వేసింది.

సాయంత్రం సార్ మిషన్‌ను పెట్టెలో పెట్టి తాళం వేశారు. నెల గడువు అయిపోయింది. ఉద్యోగం పోయిందనుకొని సంచి భుజాన వేసుకున్నాను.

"యాడికి వోతున్నవ్? గీ తాళంచెవి నీ దగ్గర ఉంచుకో. రేపటి సంది పెట్టె నువ్వే తెరువు," అన్నారు.

పన్నెండేళ్లు తెరిచాను. సార్ పోయారు, ఆ బల్లా పోయింది. నేను సబ్బు ముక్కను కూడా వృథా చేయను. ఫారాల్లో మాత్రం ఎవరి పేరైనా గడుల్లో పట్టకపోతే కొత్త ఫారం అడుగుతాను. గుమాస్తాలు విసుక్కుంటారు. విసుక్కోనీ.

నా మనవరాలు హరిచందనను ఇంట్లో అందరూ చందూ అంటారు. నాకు నోరు రాదు. నానమ్మ పూర్తి పేరుతో పిలిచిందంటే తిట్లేనని ఆ పిల్ల బెదురుతూ వస్తుంది. చాలాసార్లు నేను పిలిచేది అన్నానికే.