కొత్వాల్‌గూడ వరికి కామెర్లు

ఆ రోజుల్లో నాకు మా అమ్మ మాట కంటే ఆకు రంగు కార్డు మీదే గురి ఎక్కువ. లేత నుంచి ముదురు దాకా నాలుగు ఆకుపచ్చ పట్టీలున్న ప్లాస్టిక్ ముక్క అది. వరి ఆకును దాని పక్కన పెట్టి చూడాలి. పాలిపోయి ఉంటేనే యూరియా వేయాలి, లేకపోతే వద్దు. శంషాబాద్ చుట్టుపక్కల రైతులకు ఈ సంగతి చెప్పడమే నా తొలి ఉద్యోగం. ఎక్కువైన యూరియా కుంటలోకి దిగి నాచు పెంచుతోందంటే కొత్వాల్‌గూడలో ఒక్క అక్క మాత్రమే నమ్మింది (ఆమె బర్రెలు ఆ నీళ్లు ముట్టడం మానేశాయి మరి). "ఏడాది తిండి గీ మడిలకెళ్లే రావాలె చెల్లె, జర సూసి చెప్పు" అంది. ఆమె భర్త (నాకు అన్న) మాటలు తక్కువ మనిషి. యూరియా బస్తాను మాత్రం గుమ్మంలో, నా కంటికెదురుగా పెట్టాడు.

వారం వారం వెళ్లి, ఎండకు కందిపోతానని అమ్మ ఇచ్చిన గొడుగు విప్పి, కార్డు పెట్టి చూసేదాన్ని. ఎప్పుడు చూసినా ముదురు రంగే. "అవసరం లేదక్కా" అని దర్జాగా చెప్పేసేదాన్ని. పక్క పొలాలవాళ్లు గట్టు మీద ఆగి "ఏందన్నా, నీ వరికి కామెర్లు అయినయా?" అంటే అన్న నా వైపు చూసేవాడు, నేను కార్డు వైపు చూసేదాన్ని. మధ్యాహ్నం అక్క వడ్డించిన అన్నం కెలుకుతూ కూర్చునేదాన్ని. "తిను చెల్లె, వచ్చే యేడు ఉంటదో లేదో" అని ఇంకో గరిటె వేసేది.

ఒకరోజు గొడుగు బస్సులో మరిచిపోయాను. ఎండకు వీపు పెట్టి, నా నీడలోనే ఆకును కార్డు పక్కన పెట్టాను. ఆకు పాలిపోయి ఉంది! ఇంకోటి చూశాను. అదీ అంతే. (నెత్తి మీద విమానం పోతోంది. ఎక్కి పారిపోదామనిపించింది.) అప్పుడు వెలిగింది, నా గొడుగు ఆకుపచ్చదని. దాని కింద లేత పట్టీ, ముదురు పట్టీ, పాలిపోయిన వరి, చివరికి నా చేతులు కూడా ఒకే ముదురు ఆకుపచ్చగా కనిపించేవి.

పరుగెత్తుకెళ్లి చెప్పేశాను. "ఇగ బస్తా మొత్తం చల్లుత" అంటూ అన్న లేచాడు. నేను అడ్డం నిలబడి, "వద్దన్నా, కొంచెమే. మళ్లీ వారం చూసి..." అన్నాను.

"ఇంకా నీ మాట నమ్మాల్నా?"

అక్కే చిన్న గంపలోకి యూరియా ఎత్తి, "గొడుగు లేకుంట వస్తనంటే నమ్ముత" అంది.

కోతల దాకా నాకు కంటి మీద కునుకు లేదు. నూర్చాక కుప్ప చుట్టూ తిరిగి, "పోయిన యేటంత ఉన్నయ్" అన్నాడు అన్న. అతనికది పెద్ద ప్రసంగమే. యూరియా సగం బస్తా పైగా గుమ్మంలోనే మిగిలింది. కొత్త బియ్యం వండిన రోజు నేనే అడిగి రెండోసారి పెట్టించుకున్నాను. గొడుగు లేక ఎండకు మాడిపోయిన ముఖంతో గట్టు మీద కూర్చుని తిన్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. అంత భయంగా, అంత ఇష్టంగా నేను మళ్లీ ఏ పనీ చేయలేదు.