తోడుకోని నెత్తురు

1954 వానాకాలంలో నన్ను రాయపూర్‌లోని ఒక చిన్న ఆసుపత్రికి అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. నా పైన ఒక సర్జన్, కింద ఒక కాంపౌండరు, ఇద్దరు నర్సులు. నెత్తురు పరీక్షలకు వేరే మనిషి లేడు. ఆ పనీ నాదే. మా నాన్నకు విజయనగరంలో గుడ్డల కొట్టు ఉండేది. అక్కడ అక్షరాలకన్నా ముందు నాకు బేరం వచ్చింది. నెత్తురిచ్చే వాళ్ళను ఒప్పించే పని నా మీద పడడానికి అదొక కారణం. రెండోది, రైల్వే కాలనీలో ఎక్కువమంది మా వైపు వాళ్ళే. సర్జన్ హిందీలో అడిగితే అర్థం కానట్టు నటించేవాళ్ళు. నా దగ్గర ఆ వేషం సాగేది కాదు.

నా పద్ధతి కొట్టులో నేర్చుకున్నదే. ఒక సీసా కావాలంటే రెండు అడగడం, బతిమాలించుకుని దిగడం.

ఒక మధ్యాహ్నం మందిర్ హసౌద్ దారిలో ధాన్యం లారీ ఒక సైకిలును గుద్దింది. సింహాచలం అనే రైల్వే ఫిట్టరును తెచ్చారు. తొడ నలిగింది, ఎముక విరిగింది, నాడి అందడం లేదు. మా అలవాటు ప్రకారం ఉప్పునీళ్ళు ధారాళంగా ఎక్కించాం. మంచుపెట్టెలో నిలవున్న నెత్తురు సీసాలూ ఖాళీ చేశాం. సర్జన్ తెగిన రక్తనాళాలన్నీ వెతికి ముడివేశారు. నాడి తిరిగొచ్చింది. అంతలో కుట్ల మధ్య నుంచి, చివరికి సూది గుచ్చిన చోటు నుంచి కూడా నెత్తురు చెమటలా ఊరడం మొదలైంది. ముడివేద్దామంటే ఇక నాళమేదీ లేదు.

ఇలాంటప్పుడు మంచం పక్కనే చేసే పరీక్ష ఒకటుంది. రోగి నెత్తురు కొంచెం గాజు గొట్టంలో తీసి, గుప్పిట్లో వెచ్చగా పట్టుకుని, ఉండుండి వంచి చూడాలి. పోల్చుకోవడానికి ఆరోగ్యవంతుడి నెత్తురు మరో గొట్టంలో ఉండాలి. వేరే ఎవర్నీ పిలిచే తీరిక లేక నాదే తీసుకున్నాను. కొంతసేపటికి నాది గడ్డకట్టి, వంచినా కదల్లేదు. సింహాచలానిది నీళ్ళలా జారిపోయింది.

గడ్డకట్టించే పదార్థాలు కొన్ని గాయం దగ్గరే ఖర్చయిపోయాయి. మిగిలినవి మా ఉప్పునీళ్ళతో పలచబడ్డాయి. నిలవ నెత్తురులో అవి చాలావరకు చచ్చి ఉంటాయి. అప్పుడే తీసిన వెచ్చటి నెత్తురు పడకపోతే మనిషి దక్కడని సర్జన్ తేల్చారు.

రోగి బావమరిది అప్పన్న వరండాలో ఉన్నాడు. ఇంజన్లో బొగ్గు కొట్టే ఫైర్‌మన్, కండలు తిరిగిన మనిషి. అతని నెత్తురు సరిపోతుందని అప్పటికే పరీక్షించి ఉంచాను. రెండు సీసాలు అడిగాను.

"రెండా! రేపు బొగ్గు నువ్వొచ్చి కొడతావేటి బాబూ?"

"పోనీ ఒకటిన్నర."

"అర సీసా. మా బావ కాబట్టి."

ఒక సీసాకు కుదిరింది. లోలోపల మురిసిపోయాను. కాంపౌండరు సూది తేగానే అప్పన్న రెండడుగులు వెనక్కి వేశాడు. "కాలనీలో శానామంది ఉన్నారు డాక్టర్ సాబ్, ఆల్లనడుగు," అన్నాడు. బేరం తప్పిన గిరాకీ ముందు గుడ్డ మడతపెట్టినట్టు సూది సర్దేశాను. కొట్టులో అయితే గిరాకీ వెనక్కి పిలుస్తాడు. అప్పన్న హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

రోగి భార్య పైడమ్మ అంతా చూస్తూనే ఉంది. కాలనీలో ఎండుచేపలు అమ్మే మనిషి. నా చేతిలోని గొట్టాలేమిటని అడిగింది. వంచి చూపించాను.

"ఈ జారిపోయేది మా ఆయనదా? మరి పెరుగునాగ తోడుకున్నది ఎవులిది?"

"నాది."

"అంత మంచి సరుకు నీకాడెట్టుకుని మా తమ్ముడితో బేరమాడతన్నావా? ముందు నీది తియ్యి బాబూ."

నాది ఎవరికైనా ఎక్కించడానికి పనికొచ్చే ‘ఓ’ గ్రూపు. ఆ సంగతి నేను ఊళ్ళో చాటుకునేవాణ్ణి కాదు. చొక్కా చేయి మడిచి బల్ల మీద పడుకున్నాను. నువ్వు పడిపోతే నీకు సీసా ఎక్కడ తేవాలని సర్జన్ విసుక్కున్నారు గాని, ఆపలేదు.

నా సీసా సగం నిండేసరికి పైడమ్మ గొంతు వినిపించింది. "ఒరే, ఆ బక్కోడే ఇస్తన్నాడు. నీకేటొచ్చిందిరా?"

అప్పన్న పక్కబల్ల ఎక్కాడు. "కానీ బాబూ. ఒకటే, మాట మాటే," అన్నాడు కళ్ళు మూసుకుని.

రెండు సీసాలూ చల్లారకుండానే సింహాచలానికి ఎక్కించాం. మళ్ళీ గొట్టంలో తీసిన నెత్తురు ఆలస్యంగానైనా గడ్డకట్టింది. వంచితే కొంచెం వణికిందే గాని జారలేదు. సాయంత్రానికి కుట్లు పొడిబారాయి. సింహాచలం బతికాడు. కాలు కాస్త పొట్టిదయింది. డిపోలో కూర్చుని చేసే పనికి మార్చారు.

ఆ తరువాత మా ఆసుపత్రిలో మూడు పద్ధతులు మారాయి. బాగా నెత్తురు పోయిన మనిషి రాగానే, సీసాలు అయిపోయేదాకా ఆగకుండా ముందే దాతలను పిలిపించేవాళ్ళం. ఉప్పునీళ్ళ విషయంలో చెయ్యి బిగించాం. మూడోది నా ఒక్కడికి సంబంధించినది. నెత్తురు అడగడానికి వరండాలోకి వెళ్ళేటప్పుడు చొక్కా చేయి ముందే మడిచి వెళ్ళేవాణ్ణి. రెండు అడగడం మానేసి, ఒకటే అడిగేవాణ్ణి.